అంటించని కవరు

పదేళ్ళుగా నన్నెవరూ ఏమీ అడగలేదు. ఇప్పుడు అడిగారు. బెజవాడ నుంచి ఒక ప్రచురణకర్త ఉత్తరం రాశాడు. నా మొదటి నవలను మళ్ళీ అచ్చు వేస్తాడట, నా అనుమతి కావాలట. "ముఖ్యంగా ఆ చివరి అధ్యాయం కోసం" అని కూడా రాశాడు. ఆ మాట దగ్గర ఉత్తరం మడిచి పక్కన పెట్టాను.

ముందు నా ఫిర్యాదు చెప్పుకోనివ్వండి. నేను రాసేది పదమూడు నుంచి పదిహేడేళ్ళ వాళ్ళ కోసం. బొమ్మలు వదిలేశాక, పెద్దవాళ్ళు తమ మాటల్లోకి రానివ్వక ముందు, మధ్యలో కొన్నేళ్ళుంటాయి. ఆ వయసుకు మన లైబ్రరీల్లో బీరువా లేదు. నా పుస్తకాన్ని పిల్లల బీరువాలో పెట్టి, ఇందులో దిగులు ఎక్కువ, పిల్లలకు పనికిరాదని తీసేశారు. నవలల బీరువాలో పెట్టి, ఇందులో ప్రేమ లేదు, పెద్దలకు పనికిరాదని తీసేశారు. చివరికి పాత పంచాంగాల పక్కన చోటిచ్చారు. నరసరావుపేటలో రచయితల సభకు పిలిచి స్తంభం వెనక కుర్చీ వేశారు. పరిచయం చేసినాయన "వీరు పిల్లల కథలు రాసుకుంటుంటారు" అన్నాడు. రాసుకుంటుంటారట! చుట్టలు చుట్టుకుంటుంటారు అన్నట్టు. కాఫీ నా వరుస దాకా వచ్చేసరికి అయిపోయింది. ఆ రోజు గురువారం. నాకు అన్నీ గుర్తే.

అయినా ఇవన్నీ చిన్నవి. పెద్దది ఒకటుంది. ఏ చివరి అధ్యాయం కోసం నన్ను చదివిన నలుగురూ గుర్తు పెట్టుకున్నారో, ఆ అధ్యాయం నేను రాయలేదు.

యాభైల చివర్లో నేను మాచర్ల హైస్కూల్లో తెలుగు చెప్పేవాణ్ణి. నాకప్పుడు పాతికేళ్ళు. స్టేషనుకు దగ్గర్లో, నాపరాళ్ళు కప్పిన ఒక గది అద్దెకు తీసుకున్నాను. మాచర్లలో ఎండ పైనుంచి రాదు, కిందినుంచి వస్తుంది. అరుగులు నాపరాయి, గోడలు నాపరాయి, పొలాలకు దడి కూడా నిలబెట్టిన నాపరాళ్ళే. మధ్యాహ్నం పూట గుమ్మంలో కూర్చుని చూస్తే వీధంతా మెల్లగా కదులుతుండేది. ఎదురింటి గోడ, దాని మీద ఆరేసిన మిరపకాయలు, నడిచొస్తున్న మనిషి, అన్నీ నీటి అడుగున ఉన్నట్టు ఊగేవి. నేను ఆ ఊగుడులో నిద్రకూ మెలకువకూ మధ్య ఉండి నా కథను కనేవాణ్ణి. రాసేవాణ్ణి అనను. అది కనబడేది.

కథ కృష్ణ ఒడ్డు లోయది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి బండి కట్టించుకుని ఆ లోయకు వెళ్ళాను. మూడు పక్కల కొండలు, నాలుగో పక్క ఏరు. ఒక పక్క జొన్నచేలు, ఇంకో పక్క వెయ్యేళ్ళకు పైబడిన ఆరామాల ఇటుకలను తవ్వి బుట్టలతో మోస్తున్న మనుషులు. కృష్ణ మీద కడుతున్న ఆనకట్ట పూర్తయితే ఆ జొన్నా, ఆ ఇటుకా, కొండల నడుములూ అన్నీ నీళ్ళలోకి పోతాయని అందరికీ తెలుసు. తెలిసీ ఒకామె పెరట్లో ఆనపపాదు నాటుతోంది. "ఎందుకమ్మా" అని అడిగితే, "ఏందయ్యా, కాయ కాసిందాకన్నా ఉంటాంగా" అంది. ఆమె వెనక ఒక పద్నాలుగేళ్ళ పిల్ల గడప మీద కూర్చుని నన్నే చూసింది. తిరిగి వచ్చాక ఆ పిల్ల నా మధ్యాహ్నాల్లో తిరగడం మొదలుపెట్టింది. అదే నా నవల. ఒక లోయ, దాని చివరి సంవత్సరం, ఆ సంవత్సరంలో పద్నాలుగు నిండిన ఒక పిల్ల.

మద్రాసు నుంచి వచ్చే ఒక పిల్లల మాసపత్రికకు మొదటి అధ్యాయం పంపాను. వేశారు. నెల నెలా పంపమన్నారు. చెప్పకూడదు గానీ, నా దస్తూరి కోడి కాళ్ళ గుర్తుల్లా ఉంటుంది. మొదటి అధ్యాయం అచ్చులో "కొండ" అని ఉండవలసిన చోటల్లా "కుండ" అని పడింది. కుండల మీద మేకలు మేశాయి. అందుకని నా చిత్తును సాపు రాసిపెట్టడానికి మంచి చేయి వెతికాను.

స్కూలు ఫైనలుకు ఒక ఏడు ముందుది, ఫిఫ్తు ఫారంలో ఆడపిల్లలు నలుగురే. కిటికీ పక్క బెంచీలో చివర కూర్చునే అమ్మాయి చేయి ముత్యాలు పేర్చినట్టుండేది. వాళ్ళ పెద్దమ్మ మిషను ఆసుపత్రిలో ఆయా. చర్చిలో పాటల పుస్తకాలు చాలక ఈ పిల్ల చిన్నప్పటి నుంచీ పాటలు నోటుపుస్తకాల్లోకి ఎక్కించి అందరికీ ఇచ్చేదట. అలా తిరిగిన చేయి అది. అమ్మా నాన్నా ఎక్కడని ఒకసారి అడిగితే, "మా ఊరు నీళ్ళ కిందికి పోద్దంటండి, వాళ్ళు కొత్త కాలనీలో ఉన్నారు, ఆడ బడి లేదండి" అని చెప్పింది. లోయలోని ఊరే. ఆ రోజు గడప మీద కూర్చున్నది ఈ పిల్లేనా అని నాకు అనుమానం వచ్చింది. అడగలేదు. అడిగితే కల చెదిరిపోతుందనిపించింది. ఇప్పటికీ నాకు తెలియదు.

మా పద్ధతి ఇది. శుక్రవారం చివరి పీరియడులో నేను అధ్యాయాన్ని క్లాసులో చదివేవాణ్ణి. ఎక్కడ వెనక బెంచీలో తలలు వాలితే అక్కడ కొట్టేసేవాణ్ణి. ఆదివారం చర్చి నుంచి వచ్చి ఆ అమ్మాయి సాపు రాసేది. సోమవారం పొద్దున కవరులో పెట్టి తెచ్చేది. నేను పైన స్టాంపులు అంటించి, మధ్యాహ్నం గుంటూరు బండికి టపా సంచి కట్టేలోగా పోస్టాఫీసులో ఇచ్చేవాణ్ణి. పదకొండు నెలలు ఇలాగే జరిగింది. పదకొండు నెలలూ అక్షరం మారలేదు. అందుకని మూడో నెల నుంచి నేను సాపు ప్రతిని చూడటం మానేసి, కవరు అంటించే తెమ్మన్నాను.

ఆమె చేతికి పన్నెండోది, అదే చివరిది. క్లాసులో చదివాను. బండ్లు కట్టారు. ఇంటి ద్వారబంధాలు ఊడదీసి బండ్లలోకి ఎక్కించారు. పిల్ల ఏడుస్తుంటే బడిపంతులు వచ్చి, ఈ నీళ్ళు ఎన్ని ఊళ్ళకు అన్నం పెడతాయో, ఎన్ని ఇళ్ళల్లో దీపాలు వెలిగిస్తాయో చెప్పాడు. పిల్ల కళ్ళు తుడుచుకుని, ఊడదీసిన గడపకు పసుపు రాసి, బండెక్కి నవ్వింది. అదీ నా ముగింపు. చదివి పుస్తకం మూస్తే క్లాసంతా నిశ్శబ్దం. నేను అది గౌరవం అనుకున్నాను.

కిటికీ పక్క నుంచి ఆ అమ్మాయి లేచింది.

"ఆ పిల్ల నిజంగా నవ్విద్దాండి మాష్టారూ?"

"నవ్విద్ది. ఏం, ఎందుకు నవ్వదు?"

"మేం నవ్వలేదండి."

వెనక బెంచీలో ఎవడో కిసుక్కుమన్నాడు. నా చెవులు వేడెక్కాయి. నెలకొక అధ్యాయం అచ్చయ్యే రచయితను, నా క్లాసు పిల్ల నిలబడి సరిదిద్దుతోంది.

"మీరు నవ్వకపోతే కథ ఏం చేసిద్ది? కథ మీ ఊరి కరణం రాసే అడంగల్ కాదమ్మాయ్, ఉన్నదున్నట్టు దింపడానికి. కూర్చో."

కూర్చుంది. బండి వెనక నడిచే మనిషి తల దించుకున్నట్టు తల దించుకుంది. ఇది నేను అప్పుడు గమనించలేదు. తర్వాత ఎన్నో మధ్యాహ్నాలు ఆ తరగతి గది మళ్ళీ మళ్ళీ నా కళ్ళ ముందు ఊగితే, అప్పుడు గమనించాను.

సోమవారం కవరు తెచ్చింది. అంటించలేదు. ఎప్పుడూ అన్నం మెతుకులతో చక్కగా అంటించి తెచ్చే పిల్ల, ఆ రోజు నోరు తెరిచిన కవరు నా బల్ల మీద పెట్టి నిలబడింది. అవతల హెడ్మాస్టరు ఇన్స్పెక్షన్ వస్తోందని కేకలేస్తున్నాడు. బండికి టైమవుతోంది.

"ఏంది, ఇయ్యాల మెతుకులు లేవా మీ ఇంట్లో?"

"ఉన్నయ్యండి. మీరు ఒకసారి చూస్తారని."

"నీ రాత నాకు కొత్తా? వెళ్ళు, వెళ్ళు."

"ఒక్కసారి చూడండి మాష్టారూ."

"కవరు అంటించటం కూడా నేనే నేర్పాలా!"

ప్యూను క్యారేజీ విప్పుకుంటుంటే అందులోంచి నాలుగు మెతుకులు తీసుకుని, నేనే, ఈ చేత్తోనే, ఆ కవరు అంటించాను. మామూలుకంటే లావుగా ఉంది. చివరిది కదా, నేను ఎక్కువ రాశాను కదా అనుకున్నాను. పోస్టుమాస్టరు తూచి, "ఏందయ్యా మాష్టారూ, ఈ నెల కథలో ఏనుగును పెట్టావా?" అన్నాడు.

రెండు నెలలకు పత్రిక వచ్చింది. స్టేషనులో పేపరు కట్టలు విప్పే చోటే నిలబడి చదివాను. నా పేరు ఉంది. నా బండ్లు ఉన్నాయి. నా పిల్ల ఉంది. కానీ ఆ పిల్ల నవ్వలేదు. బండి ఎక్కలేదు. బడిపంతులు నీళ్ళ గురించి, దీపాల గురించి చెబుతుంటే చివరిదాకా విని, "ఈడ్నుంచి పొమ్మన్నారు, సరే. పోతారా అని ఒక్కరన్నా అడిగారాండి?" అంది. బండ్లు కదిలాయి. ఆ పిల్ల వెనక నడిచింది. తర్వాత ఇలా ఉంది: "కుక్కలు బండ్ల వెనక వచ్చినయి. పిల్లులు రాలేదు. కప్పులు లేని గోడల మీద కూర్చుని అవి మమ్మల్ని చూసినయి." ఇంకేమీ లేదు. కథ అక్కడ ఆగిపోయింది, ఎవరో నడుస్తూ నడుస్తూ వెనక్కి తిరిగి నిలబడినట్టు.

క్లాసుకు వెళ్ళేసరికి పత్రిక నాకంటే ముందు వెళ్ళింది. మొదటి బెంచీ వాళ్ళు ఎగబడ్డారు.

"మాష్టారూ, మార్చారా? చానా బాగుందండి!"

"మీరు చదివినప్పుడు ఇట్టా లేదు గదండీ!"

"నేను మార్చలేదురా," అన్నాను. "మద్రాసులో ఎవడో బుర్రలేని వాడు నా కథ చెడగొట్టాడు. దేశం అంటే తెలియని వాడు, కథ అంటే తెలియని వాడు. వాణ్ణి వదలను."

కిటికీ పక్క ఆ అమ్మాయి నన్ను చూస్తోంది. చివరికి చాలా నెమ్మదిగా అడిగింది.

"పంపేముందు మీరు చదవలేదాండి?"

"నా కథ నేను చదివేదేంది?" అని విసుక్కున్నాను.

ఇప్పుడు మీకు తెలిసిపోయింది. మీకు ఒక పేజీలో తెలిసిపోయింది. నాకు ఏడేళ్ళు పట్టింది. నవ్వుకోండి, ఫర్వాలేదు. అది కూడా గుర్తుపెట్టుకుంటాను.

ఆ వారం నుంచి ఆ అమ్మాయి నాకు సాపు రాయడం మానేసింది. కళ్ళు నొప్పిగా ఉంటున్నాయంది. స్కూలు ఫైనలు పరీక్షలయ్యాక టీచరు ట్రైనింగుకు వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు చెప్పిపోలేదు. దీన్ని కూడా నేను నాకు జరిగిన అవమానాల్లో ఒకటిగా జమ వేసుకున్నాను. పదకొండు నెలలు నా కథలు ముందుగా చదివిన పిల్ల, ఒక్క నమస్కారం కూడా పెట్టకుండా పోయిందే అని.

ఇక మద్రాసుకు ఉత్తరాలు. మొదటిది నాలుగు పేజీలు. నా చివరి అధ్యాయం మార్చిన వాడెవడో చెప్పండి, నా అసలు ప్రతి తిప్పి పంపండి, ఇదుగో తిరుగు టపాకు స్టాంపులు అని. జవాబుగా ఒక్క కార్డు వచ్చింది. "మీరు పంపినదే అచ్చు వేశాము. ముగింపు విషయంలో మీరు చూపిన సౌజన్యానికి కృతజ్ఞతలు." సౌజన్యం! ఆ మాట నన్ను కాల్చింది. దొంగతనం చేసి, ఇంటివాడి సౌజన్యానికి దణ్ణం పెట్టిన దొంగను మీరెక్కడన్నా చూశారా? ఆ కార్డును నా పెట్టెలో, పెళ్ళి శుభలేఖ పైన పెట్టుకున్నాను. ఏడాదికి రెండు ఉత్తరాలు రాసేవాణ్ణి, ప్రతిదానిలోనూ స్టాంపులు పెట్టి. వాళ్ళు మళ్ళీ బదులు పలకలేదు.

పోస్టుమాస్టరుకు నేను వినోదం. కిటికీలోంచి నన్ను చూడగానే ముద్ర పక్కన పెట్టి కూర్చునేవాడు.

"మళ్ళీ మద్రాసుకేనా? ఆ ఎడిటరు గారు నీకేమన్నా మేనమామా, ఏడాదికి రెండుసార్లు పలకరిస్తావు?"

"నా కథ దొంగిలించాడండీ."

"అట్టయితే పేరు కూడా దొంగిలించేవాడుగా? నీ పేరు నీకే ఉంచాడు. ఎంత మంచి దొంగ!"

"మీకు తెలియదు లెండి."

"నాకేం తెలుసయ్యా, నేను ముద్రలు గుద్దుకునేవాణ్ణి. మా చిన్నది మాత్రం నీ పుస్తకం చదివి అన్నం మానేసింది. ఆ పిల్లుల దగ్గర."

అదే నా ప్రాణం తీసింది. పిల్లుల దగ్గర. ఎక్కడికి వెళ్ళినా పిల్లులే. పత్రిక కథను పుస్తకంగా వేశాక గురజాల నుంచి, దాచేపల్లి నుంచి, ఎన్నడూ చూడని ఊళ్ళ నుంచి ఉత్తరాలు వచ్చాయి. పదిహేనేళ్ళ పిల్లలు రాసినవి, రూళ్ళ కాగితాల మీద. అందరూ ఆ చివరి పేజీ గురించే. ఒక పిల్ల రాసింది: "నన్ను కూడా ఎవరూ అడగలేదండి." దేని గురించో రాయలేదు. ఆ ఉత్తరం మూడు రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. గురజాల గ్రంథాలయం వార్షికోత్సవంలో నాకు పూలదండ వేశారు. అధ్యక్షుడు ఆ పిల్లుల వాక్యం గట్టిగా చదివాడు. ఒప్పుకుంటున్నాను, నేను దండ తియ్యలేదు. ఇది నాది కాదు అనలేదు. అదే వారం మద్రాసుకు, నా కథను నాశనం చేశారని మరొక ఉత్తరం రాశాను. రెండు పనులూ ఒకే మనిషి ఎలా చేశాడని మీరు అడగవచ్చు. చేశాడు.

ఆ తర్వాత అదే వయసు పిల్లల కోసం ఇంకో అయిదు నవలలు రాశాను. సున్నపు బట్టీ దగ్గర పెరిగిన ఇద్దరు అన్నదమ్ముల కథ, రైలు గేటు కాపలాదారు కూతురి కథ, ఇంకా. అన్నిటిలోనూ చివర పిల్లలు కళ్ళు తుడుచుకుని నవ్వారు. అవి అమ్ముడుపోయాయి, మరిచిపోయారు. "మొదటిదాని చివర లాంటిది మళ్ళీ రాయండి" అని ఉత్తరాలు వచ్చేవి. నేను కాగితం ముందు కూర్చుని ఆ మద్రాసు మనిషిని ఊహించేవాణ్ణి. చొక్కా మడతలు చెడని మనిషి, ఫ్యాను కింద కూర్చున్న మనిషి. పల్నాడు ఎండ ఎరగని ఆ మనిషికి, ఊరు ఖాళీ చేస్తే కుక్కలు వెంట వస్తాయని, పిల్లులు రావని ఎలా తెలిసింది? ఎప్పుడు చూశాడు? లోయకు వచ్చాడా? గోడ చాటు నుంచి చూశాడా? కొన్ని మధ్యాహ్నాలు అతను నా గుమ్మం ముందు వీధిలో ఎండలో ఊగుతూ నడిచి వెళ్ళేవాడు. చంకలో పిల్లి. నేను పిలిచేవాణ్ణి. తిరిగి చూసేవాడు కాదు.

నీళ్ళు వచ్చాయి. ఒక్కరోజున రాలేదు. నిద్ర వచ్చినట్టు వచ్చాయి. ముందు చేల అంచులు మసకబారాయని, తర్వాత దారి కనిపించడం లేదని, తర్వాత కొండ నడుము దాకా వచ్చాయని బస్సుల్లో చెప్పుకునేవాళ్ళు. ఆ ఏడాదే మద్రాసు నుంచి రిజిస్టర్డు కట్ట ఒకటి వచ్చింది. పత్రిక మూసేస్తున్నారట. ఎడిటరు సొరుగులు ఖాళీ చేస్తూ ఎవరి ప్రతులు వాళ్ళకు పంపుతున్నాడట. నేను అన్నేళ్ళుగా పంపిన స్టాంపులన్నీ ఒక చిన్న పొట్లంలో కట్టి పైన పెట్టాడు. ఒక్కటి కూడా వాడుకోలేదు.

పోస్టాఫీసు బల్ల మీదే విప్పాను. పోస్టుమాస్టరు కళ్ళజోడు సవరించుకుని ముందుకు వంగాడు. ఏడేళ్ళుగా ఆయన కూడా ఎదురుచూశాడు పాపం. నేను ఆ మద్రాసు మనిషి దస్తూరి చూడబోతున్నాను.

ముత్యాలు. కాగితం మొదటి నుంచి చివరి దాకా ముత్యాల వరస. పిల్లుల వాక్యం కూడా ముత్యాల్లోనే ఉంది. దాని కింద, అంచులో, పెన్సిలుతో చిన్నగా ఇలా ఉంది: "మాష్టారూ, మీరు రాసింది అక్షరం పోకుండా సాపు రాసి వెనక పెట్టాను. ముందున్నది నేను రాసింది. మీకు నచ్చితేనే పంపండి. నచ్చకపోతే చించెయ్యండి. కోపం చేసుకోవద్దు. ఏది బాగుందో మాత్రం చెప్పండి." దాని పక్కన ఎడిటరు ఎర్ర సిరాతో రెండే మాటలు రాశాడు: "ముందున్నది వేద్దాం."

వెనక కాగితాలు తిప్పాను. నా ముగింపు ఉంది. పసుపు, గడప, దీపాలు, నవ్వు. ఒక్క అక్షరం పోలేదు.

సౌజన్యం అంటే ఏమిటో ఏడేళ్ళకు అర్థమైంది. ఎవరో పిల్ల రాసిన ముగింపును నా ముగింపు ముందు పెట్టి, ఏది మంచిదైతే అది వేసుకోమని పంపిన పెద్దమనిషినని ఆ ఎడిటరు అనుకున్నాడు.

"ఏందయ్యా," అన్నాడు పోస్టుమాస్టరు, "దొరికాడా దొంగ?"

"లేదండి," అన్నాను.

ఆయన నన్ను చూశాడు. కాగితం మీది ముత్యాలను చూశాడు. మా ఊళ్ళో ఆ చేయి తెలియని వాళ్ళు లేరు. సగం ఊరికి ఉత్తరాలు రాసిపెట్టిన పిల్ల ఆమె. ఆయన ముద్ర తీసుకుని పక్కనున్న కవర్ల మీద గుద్దడం మొదలుపెట్టాడు. నా జీవితంలో ఎవరూ నన్ను అంత మర్యాదగా అవమానించలేదు.

ఆ ఆదివారం కట్ట చంకలో పెట్టుకుని బస్సెక్కి నీళ్ళ దగ్గరికి వెళ్ళాను. లోయ లేదు. కొండల తలలు తేలుతున్నాయి. మధ్యాహ్నం ఎండలో ఊగే పనిని మా వీధి నుంచి నీళ్ళు తీసుకున్నాయి. ఒక రాయి మీద కూర్చుని రెండు ముగింపులూ పైకి చదివాను. ముందు నాది. నీళ్ళు కదల్లేదు. తర్వాత ఆమెది. అదీ చదివాక కూడా నీళ్ళు కదల్లేదు. నీళ్ళకు కథలతో పనిలేదు. కానీ చదువుతుంటే అడుగున, ఆకుపచ్చటి చీకట్లో, కప్పులు లేని గోడల మీద పిల్లులు కూర్చుని తల ఎత్తి చూస్తున్నట్టు కనిపించింది. వాటి మధ్య ఒక గడప. గడప మీద ఎవరూ లేరు.

అప్పుడైనా నేను ఆమెకు ఉత్తరం రాయలేదు. కృష్ణ అవతల ఒక మిషను బడిలో చెబుతోందని వాళ్ళ పెద్దమ్మ చిరునామాతో సహా చెప్పింది. నేను పెద్దవాణ్ణి, గురువుని, ఆమే ముందు రాయాలనుకున్నాను. రెండేళ్ళు అనుకున్నాను. ఈ బెజవాడ ఉత్తరం వచ్చాక ఇక తప్పక రాశాను. రాసిన ఉత్తరం, "ఈ చిరునామాలో లేరు" అని గీతతో తిరిగి వచ్చింది. వాళ్ళ పెద్దమ్మ ఇప్పుడు లేదు. అడగడానికి ఇంకెవరూ లేరు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఎవరి కథ అచ్చులో వస్తే వాళ్ళు ఎక్కడున్నా చదువుతారని మా వృత్తిలో ఒక నమ్మకం.

అమ్మాయ్, విను. నీ మీద నాకు ఫిర్యాదులున్నాయి. ఆ రోజు క్లాసులో లేచి, అది నేనే రాశానండి అని ఎందుకు చెప్పలేదు? బుర్రలేని వాడని తిట్టింది నిన్నని నీకు తెలుసు, నాకు తెలియదు. నాకు తెలియకుండా నాచేత తిట్టించుకున్నావు. అది నా మీద నువ్వు మోపిన అప్పు. ఇంకో ఫిర్యాదు. ట్రైనింగుకు పోయేటప్పుడు చెప్పి పోవలసింది. చెప్పి ఉంటే నేను ఏదో ఒకటి అడిగేవాణ్ణి. బహుశా తప్పు మాటే అడిగేవాణ్ణి. అయినా అడిగేవాణ్ణి.

నువ్వు ఒక ప్రశ్న రాశావు, పెన్సిలుతో. ఏది బాగుందో మాత్రం చెప్పండి అన్నావు. నేను కవరు అంటించాను. పదేళ్ళకు ఇప్పుడు చెబుతున్నాను: నీదే. ఇది రాయడానికి నాకు ఎంత కష్టమైందో నీకు తెలుసు. నా సంగతి నీకు తెలుసు.

నా జవాబు అయిపోయింది. ఇక నీ వంతు. బెజవాడ ఆయన నా సంతకం కోసం ఎదురుచూస్తున్నాడు. నువ్వు చెప్పేదాకా సంతకం పెట్టను. ఆ అధ్యాయం కింద నీ పేరు వేయించాలా, వద్దా? వేస్తే ఏ పేరు, అప్పటిదా, ఇప్పటిదా? లేక అసలు వద్దంటావా, మాష్టారి దగ్గరే ఉండనీ అంటావా? నిన్ను అడగకుండా ఈసారి ఒక్క అక్షరం అచ్చు కానివ్వను. ఆ పొట్లంలో స్టాంపులు ఇంకా నా దగ్గరే ఉన్నాయి, జిగురు ఎండిపోయింది గానీ పనికొస్తాయి, ఎక్కడికి పంపాలో చెబితే పంపుతాను. కవరు అంటించినా సరే, అంటించకపోయినా సరే. ఈసారి విప్పి చూస్తాను. నిన్ను అడుగుతున్నాను, జవాబు చెప్పు.